రాళ్ల మధ్య ఖాళీ: ఇంకుడు గుంతలో కంకర చేసే అసలు పని

ఇంకుడు గుంత బొమ్మ తెలుగు రాష్ట్రాల్లో చూడనివారు తక్కువ. మున్సిపాలిటీ కరపత్రంలోనూ, బడి పిల్లల సైన్సు చార్టులోనూ, కార్యాలయాల గోడల మీదా అదే బొమ్మ. అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, ఆపైన ఇసుక, పక్కనుంచి ఒక పైపు, కిందికి దిగుతున్న నీలం బాణాలు. పొరలు ఎందుకు వేయాలని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ‘నీళ్లు వడకట్టడానికి’ అని. అందులో నిజం పావు వంతే. ఆ పావు వంతు కూడా ఇసుకకు వర్తిస్తుంది కానీ కంకరకు కాదు.

కంకర నీటిని వడకట్టదు. 20 మిల్లీమీటర్ల రాళ్ల సందుల్లోంచి బంకమట్టి రేణువు ఏ అడ్డూ లేకుండా జారిపోతుంది. కంకర నీటిని తొందరగా భూమిలోకి పంపనూ పంపదు. ఎంత తొందరగా ఇంకాలన్నది అడుగున ఉన్న మట్టి తేలుస్తుంది, దానిమీద పేర్చిన రాయి కాదు. మరి కంకర చేసే పనేమిటి? గుంత గోడలు విరిగి పడకుండా, పైన మనుషులు నడిచినా బండి ఆగినా కుంగకుండా, నీళ్లు కాసేపు నిలవడానికి చోటు పట్టి ఉంచడం. డబ్బు కట్టి తెప్పించుకునేది టిప్పర్‌నిండా రాయి. మనకు పనికొచ్చేది ఆ రాళ్ల మధ్య సందు. ఏ సైజు కంకర కొనాలి, కడగాలా వద్దా, గుడ్డ పరచాలా, ఏ పొర పైన ఏది రావాలి, పని ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న ప్రశ్నలన్నీ చివరకు ఆ సందును మట్టి పాలు కాకుండా ఎలా కాపాడాలన్న దగ్గరికే వస్తాయి.

మన ఇంకుడు గుంతకు అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఒక దాయాది ఉంది. అక్కడి ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో 1990ల మొదట్లో రెయిన్ గార్డెన్ అనే వాన తోటలు మొదలయ్యాయి. రోడ్డు, పార్కింగు స్థలం మీద పడిన వాన నేరుగా మురుగు కాలువలో కలవకుండా, మొక్కలున్న ఒక పల్లంలోకి మళ్లుతుంది. పైన ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మట్టి, దాని కింద కంకర, అవసరమైన చోట కంకరలో చిల్లుల పైపు. ఫిలడెల్ఫియా నగరం 2011లో ఇదే పద్ధతిని పాతికేళ్ల పథకంగా ఎత్తుకుంది. ఆ నగరంలో దాదాపు 60 శాతం ప్రాంతంలో మురుగూ వాననీరూ ఒకే గొట్టంలో ప్రవహిస్తాయి. గట్టి వాన పడితే ఆ గొట్టం పొంగి, మురుగు నదుల్లో కలుస్తుంది. పెద్ద సొరంగాలు తవ్వే బదులు వీధి పక్కన చెట్ల కింద కంకర కందకాలు తవ్వి వానను కాసేపు ఆపాలన్నది వాళ్ల ఆలోచన. మన గుంత బోరు బావికి నీరందించడానికి, వాళ్ల కందకం నదిని కాపాడటానికి. ఉద్దేశాలు వేరైనా కంకర దగ్గరికి వచ్చేసరికి సూత్రాలు ఒకటే.

గుంతలో పట్టేదెంత?

100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. కొంత డాబా తడవడానికే పోయినా, నాలుగు వేల పైచిలుకు లీటర్లు పైపులోకి వస్తాయి. మీటరున్నర పొడవు, అంతే వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంత తవ్వితే 4.5 ఘనపు మీటర్లు. ఖాళీగా ఉంచితే అందులో 4,500 లీటర్లు పడతాయి, అంటే ఆ వాన మొత్తం సరిపోతుంది. అదే గుంతను అంచుదాకా కంకరతో నింపితే? ఒకే సైజు కంకర పోసినప్పుడు మధ్యలో మిగిలే ఖాళీ సుమారు 40 శాతం. అంటే 1,800 లీటర్లు. మిగిలిన చోటు రాయిదే.

చోటు ఇంతగా తగ్గుతుంటే రాళ్లు ఎందుకు నింపాలి అని ఎవరికైనా అనిపిస్తుంది. అనిపించాలి కూడా. బెంగళూరులో బావులు తవ్వడమే వృత్తిగా ఉన్న మన్ను వడ్డర్లు తవ్వి సిమెంటు రింగులు దించే, వాననీటిని భూమిలోకి పంపే రీఛార్జ్ బావుల్లో లోపల రాళ్లు నింపరు. రింగుల బయట చుట్టూ కంకర వేసి, లోపల ఖాళీగా వదిలేసి, పైన మూత పెడతారు. ప్లాస్టిక్ పెట్టెలను ఒకదానిపై ఒకటి పేర్చి, 90 శాతానికి పైగా ఖాళీ మిగుల్చుకునే పద్ధతీ ఉంది. చోటు ఇరుకుగా ఉండి, ఖర్చు భరించగలిగితే అవే మంచివి. కంకర గుంత గెలిచేది చవకలో, సులువులో, భద్రతలో. పిల్లలు పడిపోయే భయం ఉండదు, మూత పగిలే చింత ఉండదు, నీటిమట్టం రాళ్ల పైకి రానంతవరకు దోమ గుడ్డు పెట్టడానికి నీటి ముఖం దొరకదు.

ఆ 40 శాతం కూడా దానంతటదే రాదు. రాళ్లన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉన్నప్పుడే వస్తుంది. 40 మిల్లీమీటర్ల రాళ్లలో 20 మిల్లీమీటర్లవి, వాటిలో చిప్సు అనే చిన్న రాతి ముక్కలు, వాటిలో క్రషర్ డస్టు అనే రాతిపొడి కలిసిపోతే ప్రతి చిన్న సైజూ పెద్ద సైజు సందులో దూరుతుంది. ఖాళీ తగ్గుతూ పోతుంది. మన కాంట్రాక్టర్లలో ఎక్కువమందికి కంకర పని అంటే రోడ్డు పనే. రోడ్డు కింద వేసే వెట్ మిక్స్ అన్ని సైజులూ కలిపి, తడిపి, రోలర్‌తో తొక్కించి ఖాళీ అనేది లేకుండా చేసే మిశ్రమం. ఏళ్ల తరబడి ఆ పని చేసిన మేస్త్రీకి ‘అన్నీ కలిసిన కంకర గట్టిగా కూర్చుంటుంది’ అన్నది చేతికి అబ్బిన విద్య. గుంతలో మాత్రం ఆ విద్యను పక్కన పెట్టాలి. ఇక్కడ కొనాల్సింది ఒకే సైజు రాయి. క్రషర్ దగ్గర ఆర్డరు ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పాలి. లేకపోతే కుప్ప అడుగున మిగిలింది వస్తుంది.

పైన ఇసుక ఎందుకు, అడుగున రాయి ఎందుకు?

కేంద్ర భూగర్భ జల మండలి సూచించే గుంతలో అడుగున 5 నుంచి 20 సెంటీమీటర్ల రాళ్లు, మధ్యలో 5 నుంచి 10 మిల్లీమీటర్ల గులక, పైన ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల ముతక ఇసుక ఉంటాయి. సన్నది పైన, ముతకది కింద. తలకిందులుగా వేసినా నీళ్లు దిగుతాయి. తేడా ఏమిటంటే పూడిక ఎక్కడ పడుతుందన్నది.

డాబా మీది దుమ్ము, ఆకుల పొడి, రోడ్డు మీది బురద నీటితో పాటు గుంతలోకి వచ్చి తీరతాయి. ముతక రాయి పైన ఉంటే ఆ బురద సందుల్లోంచి దిగిపోయి, అడుగున మట్టికి ఆనుకుని పేరుకుంటుంది. రెండు మీటర్ల లోతున, టన్నుల కొద్దీ రాళ్ల కింద. దాన్ని తీయాలంటే గుంతంతా తోడాలి. ఇసుక పైన ఉంటే బురద ఆ ఇసుక మీదే ఆగుతుంది. గుంత పైభాగం మూసుకుపోయినట్టు కంటికి కనిపిస్తుంది, పారతో రెండంగుళాల ఇసుక గీకి కొత్తది వేస్తే పని అయిపోతుంది. పూడకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. ఎక్కడ పూడాలో మాత్రం పొరల వరుస నిర్ణయిస్తుంది. పొరల వెనుక ఉన్న అసలు తెలివి అది.

అయితే ఇసుకను రాళ్ల మీద పోస్తే ఇసుకే కిందికి జారిపోదా? జారుతుంది, సైజులు సరిపడకపోతే. ఆధునిక మృత్తికా యాంత్రిక శాస్త్రానికి ఆద్యుడు కార్ల్ టెర్జాగీ ఆనకట్టల లోపలి వడపోత పొరల కోసం చేసిన ఆలోచన నుంచి వచ్చిన సూత్రమే ఇప్పటికీ అందరూ వాడేది. కింది పొరలో అన్నిటికంటే సన్నవైన 15 శాతం రాళ్లు ఏ సైజు లోపు ఉంటాయో చూడాలి. పై పొరలో 85 శాతం రేణువులు ఏ సైజు లోపు ఉంటాయో చూడాలి. మొదటి కొలత రెండోదానికి నాలుగైదు రెట్లు దాటకూడదు. దాటనంతవరకు పై పొరలోని పెద్ద రేణువులు కింది సందు మూతి దగ్గర ఒకదానికొకటి ఒరుసుకుని ఆగిపోతాయి. అవి ఆగితే వాటి వెనకున్న చిన్నవీ ఆగుతాయి.

ఇప్పుడు దీన్ని మన ఊరి గుంతకు పెట్టి చూద్దాం. సాధారణంగా వేసే వరుస ఇసుక, దాని కింద 20 ఎం.ఎం. కంకర, దాని కింద 40 ఎం.ఎం. మంచి ముతక ఇసుకలో 85 శాతం రేణువులు సుమారు 2 మిల్లీమీటర్ల లోపు ఉంటాయి. ఒకే సైజుగా జల్లించిన 20 ఎం.ఎం. కంకరలో సన్నపాటి 15 శాతం 10 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పదిని రెండుతో భాగిస్తే అయిదు. సరిగ్గా గీత మీద ఉన్నాం. ఇసుక కాస్త సన్నదై, ఆ 2 కాస్తా 1 అయితే నిష్పత్తి పదికి చేరుతుంది. మొదటి రెండు మూడు వానలకే ఇసుక కంకరలోకి దిగిపోతుంది. పైన గుంట పడుతుంది. ఇంటివాళ్లు మరో నాలుగు తట్టల ఇసుక పోస్తారు, అదీ దిగుతుంది. ఇలా ఒక్కో తట్టా కింద ఉన్న ఖాళీని తింటూ పోతుంది. బయటికి మాత్రం గుంత బాగు చేసినట్టే కనిపిస్తుంది.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. ఇసుకకూ పెద్ద కంకరకూ మధ్య మూడు నాలుగు అంగుళాల చిప్సు పొర. ముతక ఇసుకైతే 6 నుంచి 10 మిల్లీమీటర్లవి, సన్న ఇసుకైతే 6 ఎం.ఎం. బేబీ చిప్సు. చిప్సు ఉన్నాక దాని కింద నేరుగా 40 ఎం.ఎం. కంకర వేసుకున్నా లెక్క సరిపోతుంది. 40 ఎం.ఎం. రాయిలో సన్నపాటి 15 శాతం సుమారు 20 మిల్లీమీటర్లు, దాని మీది చిప్సులో 85 శాతం 6 నుంచి 10 లోపు. నిష్పత్తి రెండు మూడుకు మించదు. అంటే మధ్యలో 20 ఎం.ఎం. పొర అవసరమే లేదు. బొమ్మలో అందంగా ఉంటుందని వేస్తున్నాం, వేయాల్సిన చిప్సును మరిచిపోతున్నాం. చాలా గుంతలు దెబ్బతినేది ఇసుకా కంకరా కలిసే ఆ ఒక్క గీత దగ్గరే అని నా అభిప్రాయం.

చిప్సు బదులు గుడ్డ పరచకూడదా అన్నది తర్వాతి ప్రశ్న. జియోటెక్స్‌టైల్ అనే నేత లేని ప్లాస్టిక్ గుడ్డను ఇసుకకూ కంకరకూ మధ్య అడ్డంగా పరచడం చాలాకాలం అందరూ చేసిన పనే. ఇప్పుడు అమెరికాలో చాలా మార్గదర్శకాలు వద్దంటున్నాయి. గుడ్డ రంధ్రాలు మరీ సన్నవి. పైనుంచి వచ్చిన బురదంతా ఒక పల్చటి తలం మీద పేరుకుని, ఆ తలమే నీటికి మూత అవుతుంది. చిప్సు పొరలో అదే బురద మూడు నాలుగు అంగుళాల లోతున చెదిరి ఉంటుంది కాబట్టి పూడటానికి ఏళ్లు పడుతుంది. గుడ్డకు సరైన చోటు గుంత పక్క గోడలు. అక్కడ చుట్టుపక్కల మట్టి కంకరలోకి ఊడిరాకుండా ఆపుతుంది. గోడలకు గుడ్డ, అడుగున ఏమీ వద్దు, పొరల మధ్య చిప్సు. మేస్త్రీకి చెప్పడానికి ఇంత చాలు.

కుండీ అడుగున పెంకులు వేస్తే?

పూలకుండీ అడుగున కుండపెంకులో గులకరాళ్లో వేస్తే నీరు బాగా దిగుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. చిల్లు మూసుకుపోకుండా ఒక పెంకు అడ్డం పెట్టడం వేరు. రాళ్ల పొర వేస్తే నీరు తొందరగా దిగుతుందన్నది మాత్రం సరికాదు. వాన తోట కట్టేవాళ్లు తరచుగా పొరబడేదీ ఇక్కడే.

మట్టిలోని సన్నటి సందులు దీపపు వత్తి నూనెను పట్టినట్టు నీటిని పట్టి ఉంచుతాయి. కంకరలోని పెద్ద సందులకు ఆ పట్టు లేదు. మట్టిలోంచి దిగుతున్న నీరు కంకర అంచుకు చేరాక చటుక్కున కిందికి దూకదు. మట్టి దాన్ని వదలదు. అంచుకు పైనున్న మట్టి దాదాపు పూర్తిగా నానిన తర్వాతే చుక్క జారుతుంది. అంటే కంకర పొర పైన ఎప్పుడూ కొంత మందం మట్టి తడిగా మిగిలిపోతుంది. కుండీలో అయితే ఆ తడి వేళ్లను కుళ్లబెడుతుంది. ఎందుకంటే కంకర వేసి మనం తడి పొరను పైకి జరిపాం, అంతే. కుండీ లోతు తగ్గించుకున్నట్టు లెక్క.

వాన తోటలో ఇదే గుణం మంచికీ పనికొస్తుంది, చెడుకూ పనికొస్తుంది. వానకూ వానకూ మధ్య మొక్కలకు ఆ తడి ఆధారం. మట్టి పొర పల్చగా, ఒక అడుగు మాత్రమే వేసి, దాని కింద అనవసరంగా రెండడుగుల కంకర వేస్తే మాత్రం మొక్క వేళ్లకు గాలి అందే చోటు మిగలదు. మట్టి లోతులో పిసినారితనం చేసి కంకరలో దుబారా చేయడం తెలివైన పని కాదు. నీటిని నిలవ చేయడానికి ఎంత కావాలో అంతే కంకర, మిగతాది మట్టికి.

అడుగు మట్టి నీటిని తాగని చోట కంకరలో చిల్లుల పైపు పెడతారు. నాలుగు నుంచి ఆరు అంగుళాల పైపు, దానిలోంచి మిగులు నీరు కాలువలోకి పోతుంది. ఆ పైపును కంకర అడుగునే పెట్టి నేరుగా బయటికి తీస్తే వచ్చిన నీరు వచ్చినట్టే పోతుంది, భూమికి చుక్క దక్కదు. అందుకే పైపు చివర మోచేయిలా వంగిన ముక్కను పైకి తిప్పి, నీరు ఒక ఎత్తుకు చేరాకే బయటికి పోయేలా చేస్తారు. ఆ ఎత్తుకు దిగువన కంకరలో నిలిచిన నీరు మెల్లగా ఇంకుతుంది. దాంతోపాటు మరో లాభం. నిలిచిన నీటిలో ప్రాణవాయువు తగ్గేసరికి కొన్ని సూక్ష్మజీవులు నీటిలోని నైట్రేటును విడగొట్టి నత్రజనిగా గాలిలోకి వదిలేస్తాయి. చిన్న పైపు ముక్క చేసే పనికి ఇది తక్కువేమీ కాదు.

టిప్పర్ వచ్చిన రోజు

క్రషర్ నుంచి వచ్చిన టిప్పర్ వెనక తలుపు తీసి కంకర గుమ్మరించినప్పుడు లేచే తెల్లటి దుమ్మును చూడండి. గాలిలో లేచింది కొంతే. మిగతాది రాళ్లకు అంటుకునే ఉంటుంది. ఒక రాయి తీసి అరచేతిలో రుద్దితే చెయ్యి బూడిద రాసుకున్నట్టు అవుతుంది. ఆ దుమ్ము బరువులో 2 శాతమే అనుకుందాం. మనం పైన లెక్కేసిన గుంతకు పట్టే కంకర దాదాపు ఆరున్నర, ఏడు టన్నులు. అందులో 2 శాతం అంటే 135 కిలోల దాకా. మొదటి వానకు అదంతా కడుక్కుని అడుగుకు దిగుతుంది. రెండుంపావు చదరపు మీటర్ల అడుగున పరుచుకుంటే దాని మందం నాలుగైదు సెంటీమీటర్లు. రాతిపొడి నానితే మెత్తటి పేస్టు. అంటే గుంత ప్రారంభించిన రోజే దాని అడుగున రెండంగుళాల దాకా బురద మూత పరిచాం. అదీ ఎప్పటికీ తీయలేని చోట.

అందుకే కడిగిన కంకర కావాలి. వాన తోటల నిర్దేశాల్లో 75 మైక్రాన్ల (0.075 మిల్లీమీటర్ల) జల్లెడ దాటే దుమ్ము నామమాత్రంగానే ఉండాలని రాస్తారు. ప్రయోగశాల లేకపోయినా పరీక్ష చేయవచ్చు. తెల్ల ప్లాస్టిక్ బకెట్‌లో సగం కంకర, దాని పైదాకా నీళ్లు పోసి, కర్రతో బాగా కలిపి చూడండి. నీళ్ల కింది రాళ్లు కనిపించేంత తేటగా ఉంటే మంచిది. నీళ్లు పాలలా మారితే ఆ కంకరను గట్టు మీదే జల్లెడ మీద వేసి గొట్టంతో కడగాలి. గుంతలో పోశాక కడిగితే కడిగిన బురద గుంతలోకే పోతుంది. ఇది చెప్పాల్సిన మాటేనా అనిపించవచ్చు కానీ, గుంత నింపాక పైనుంచి ట్యాంకర్‌తో నీళ్లు కొట్టి ‘కడిగేశాం’ అనేవాళ్లున్నారు. తెలంగాణలో దొరికే గ్రానైట్ కంకర గట్టిది, నానినా అరగదు. ఆ విషయంలో మనం అదృష్టవంతులమే. దుమ్ము సంగతి చూసుకుంటే చాలు.

కంకర సంగతి ఇంత చెప్పాక, దాని అడుగున ఉన్న నేల గురించి నాలుగు ముక్కలు. గుంతను జేసీబీతో తవ్వినప్పుడు, మట్టి తడిగా ఉంటే బకెట్ అంచు గోడల్ని, అడుగును నున్నగా మెత్తినట్టు చేస్తుంది. గోడకు తాపీతో పూసిన నునుపు అది. నీరు దాన్ని దాటడం కష్టం. కంకర వేసే ముందు గడ్డపారతో అడుగునూ గోడలనూ గరుకుగా గీకించాలి. పెద్ద గుంత అయితే యంత్రం లోపలికి దిగకుండా గట్టు మీదనుంచే తవ్వాలి. చక్రాల కింద ఒకసారి అణిగిన నేల మళ్లీ గుల్లబారడానికి చాలా కాలం పడుతుంది. కంకరను ఎత్తునుంచి ఒక్కసారిగా దొర్లించకుండా అడుగు మందం పొరలుగా వేయించాలి. చిల్లుల పైపు ఉంటే దాని చుట్టూ చేత్తోనే.

ఆ నేల నీటిని తాగుతుందా అన్నది తవ్వే ముందే తెలుసుకోవాలి. గుంత అడుగు వచ్చే లోతున ఒక అడుగు గొయ్యి తీసి, నీళ్లు నింపి నాననివ్వాలి. మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో స్కేలుతో చూడాలి. గంటకు సుమారు 13 మిల్లీమీటర్లకు తగ్గితే పైపు లేకుండా కేవలం ఇంకుడు మీద ఆధారపడవద్దన్నది చాలా చోట్ల పాటించే హద్దు. హైదరాబాద్‌లో గ్రానైట్ బండ మీద కుళ్లిన రాయి, మొరం ఉన్నచోట నీరు బాగానే దిగుతుంది. పక్క వీధిలోనే నాలుగడుగుల లోతున బండ తగిలితే గుంత తొట్టిగా మారుతుంది. నల్లరేగడి ఎండలో నోళ్లు తెరిచి మొదటి వానను గటగటా తాగుతుంది, తడిశాక ఉబ్బి మూసుకుంటుంది. ఎండాకాలంలో చేసిన పరీక్ష అక్కడ నమ్మదగింది కాదు. గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో వానాకాలం భూగర్భ నీరే కొన్ని అడుగుల్లో ఉండే చోట్లు చాలా. అక్కడ లోతు గుంత తవ్వడమంటే నీటిలో కంకర పోయడమే.

ఉమ్మడి రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం వాననీటి సంరక్షణ కట్టడాల గురించి చెప్పింది. ఆ చట్టం స్ఫూర్తి మంచిదే. చిక్కేమిటంటే, అనుమతి కాగితాల కోసం తవ్వే గుంతకు నేలతో పనిలేదు, బొమ్మతోనే పని. ప్రతి ప్లాటులో ఒకే కొలత గుంత, ఒకే మూడు పొరలు. నేల మాత్రం ప్లాటుకో తీరు.

వరదల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. మన 100 చదరపు మీటర్ల డాబా మీద అది 24,000 లీటర్లు. 1,800 లీటర్ల గుంత దాన్ని ఏం ఆపుతుంది? కాబట్టి ప్రతి గుంతకూ పొర్లి పోయే దారి ఉండాలి, ఆ దారి ఇంటి పునాది వైపు కాకుండా వీధి కాలువ వైపు ఉండాలి. గుంతను పునాదికి కనీసం మూడు మీటర్ల దూరంలో తవ్వాలి. ఇంకుడు గుంతలతో నగరాల వరదలు ఆగిపోతాయని చెప్పేవాళ్లను నమ్మవద్దు. ఏడాదిలో పడే వానల్లో ఎక్కువ భాగం చిన్నవే. గుంతకు దక్కేవీ అవే. ఫిలడెల్ఫియా పథకం కూడా ప్రతి వానలో మొదటి అంగుళం నీటి చుట్టూ అల్లుకున్నదే. కుంభవృష్టికి నాలాలు, చెరువులు కావాల్సిందే.

పని వరుసలో గుంత ఎక్కడ రావాలన్నది అన్నిటికంటే తేలిగ్గా తీసుకునే విషయం. ఇల్లు కట్టేటప్పుడు జేసీబీ వచ్చిన రోజే పునాదితోపాటు గుంత కూడా తవ్వి, కంకర నింపేస్తారు. రెండోసారి యంత్రం అద్దె ఎందుకని. తర్వాత ఏడాదిపాటు ఆ గుంత చుట్టూ ఇసుక కుప్పలు, సిమెంటు కలిపిన చోట కడిగిన నీళ్లు, గ్రానైటు కోసిన పొడి, పెయింటు డబ్బాలు కడిగిన నీళ్లు. గృహప్రవేశం నాటికి గుంతలోని ఖాళీ సగం పోయి ఉంటుంది. సిమెంటు నీళ్లు దిగితే కంకర అక్కడక్కడ గడ్డ కట్టుకుపోతుంది కూడా. కంకర వేయడం ఇంటి పనుల్లో చివరిది కావాలి. పెరట్లో మట్టి కప్పి, గడ్డి మొలిచాక. అప్పటిదాకా తవ్విన గుంత ఖాళీగా ఉంటే కంచె వేసి వదిలేయండి. అడుగున చేరిన బురదను నింపే ముందు ఒకసారి తీసేయవచ్చు.

ఇంకొక్క పైపు ముక్క ఖర్చు పెట్టుకోగలిగితే, గుంత మధ్యలో అడుగుదాకా చిల్లులున్న నాలుగంగుళాల పైపును నిలువుగా పెట్టి, పైన మూత బిగించండి. వాన వెలిసిన రెండు రోజులకు మూత తీసి, తాడుకు రాయి కట్టి దించితే లోపల ఎంత నీరు మిగిలిందో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో ఖాళీ అవుతుంటే గుంత బాగానే ఉన్నట్టు. పైన నీరు నిలిచి, పైపు మాత్రం పొడిగా ఉంటే ఇసుక మూసుకుపోయింది, పై పొర మార్చాలి. పైపు నిండుగా ఉండి వారమైనా దిగకపోతే అడుగు పూడింది, ఇసుక మార్చి లాభం లేదు. బయటికి ఒకేలా కనిపించే ఈ రెండు జబ్బులకు మందు వేరు. మొదటిదానికి ఒక పూట కూలి చాలు. రెండోదానికి గుంతంతా తోడాలి.

వార్డుల్లో, పార్కుల్లో తవ్వించే గుంతల అంచనాల్లో ఈ పైపు సాధారణంగా కనిపించదు. తవ్వకానికి ఒక పద్దు, కంకర సరఫరాకు ఒక పద్దు, ఇసుకకు ఒక పద్దు, బోర్డుకు ఒక పద్దు ఉంటాయి. ఏటా వానాకాలానికి ముందు పై ఇసుక గీకి మార్చడానికి పద్దు ఉండదు, ఆ పని ఎవరిదో రాసి ఉండదు. కంకర ఎంత బాగా వేసినా, పైన రెండంగుళాల ఇసుక మార్చే మనిషి లేని గుంతకు ఆయుష్షు కొన్ని వానాకాలాలే. అపార్టుమెంటు సంఘాలకైతే ఇది చాలా సులువు. నీళ్ల ట్యాంకు కడిగే మనిషికే ఏడాదికొకసారి, మే నెలలో, ఈ పనీ అప్పగించి, రెండు బస్తాల ముతక ఇసుక కొని పెట్టుకుంటే సరిపోతుంది.